చిన్న పరిశ్రమలలో సంస్థాగత సామర్థ్యం: పోచంపల్లి చేనేత చరిత్ర నుంచి ఒక పరిశీలన

ముందు పాఠంలో చిన్న పరిశ్రమలకు పెట్టుబడి, ముడిసరుకు, పరపతి ఏ మార్గాల్లో అందాయో చదువుకున్నారు. అది చదివాక మీకు ఒక సందేహం రావాలి. ఒకే రకం మగ్గాలు, ఒకే ధరకు నూలు, ఒకే బ్యాంకు అప్పు, ఒకే ప్రభుత్వ పథకం ఉన్న రెండు ఊళ్లలో ఒకటి నిలదొక్కుకుంది, మరొకటి చితికిపోయింది. ఎందుకు? వనరులు దాదాపు సమానంగా ఉన్నచోట ఫలితాలు ఇంత వేరుగా ఎందుకున్నాయి? వాణిజ్య, అర్థశాస్త్ర పండితులు ఈ తేడాను ‘సంస్థాగత సామర్థ్యం’ అనే మాటతో వివరిస్తారు. నిర్వచనాలు కంఠస్థం చేయించే ఉద్దేశం నాకు లేదు. భూదాన్ పోచంపల్లి, దాని చుట్టుపక్కల నేత గ్రామాల చరిత్రను దగ్గరగా చూస్తే ఆ మాటకు అర్థం తెలుస్తుంది. ఆ మాట సరిపోని చోటు కూడా అక్కడే కనబడుతుంది.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరికింది కాదు. 1980ల నడుమ పరిశోధక విద్యార్థిగా నల్లగొండ జిల్లాలో చేనేత సహకార సంఘాల లెక్కలు సేకరిస్తూ తిరిగాను. పెద్ద కాగితం మీద గళ్లు గీసుకుని, మగ్గాలెన్ని, సభ్యులెందరు, వాటాధనమెంత, బాకీలెంత అని ఒక్కొక్కటే నింపుకునేవాణ్ణి. ఒక ఊళ్లో డెబ్బై దాటిన నేతగాడు ఒకాయన నా కాగితం చేతిలోకి తీసుకుని పైనుంచి కిందికి చూసి అడిగాడు: “అన్నీ రాసినవ్ బిడ్డా. మరి చిటికి ఎవరు కడ్తరు, రంగు ఎవరేస్తరు, ఏ ఇంట్ల నుంచి ఏ ఇంటికి పోతది, అది ఏ గడిల రాసినవ్?”

నా దగ్గర ఆ గడి లేదు. నవ్వి ఊరుకున్నాను. సిద్ధాంత గ్రంథం పూర్తయింది, పట్టా కూడా వచ్చింది. కాని నా పట్టికలో పక్కపక్కనే ఉన్న రెండు సంఘాల మధ్య తేడాను ఆ పట్టిక వివరించలేకపోయింది. ఒక సంఘానికి మగ్గాలు ఎక్కువ, వాటాధనం ఎక్కువ, అయినా నష్టాలు. రెండోదానికి అన్నీ కాస్త తక్కువే, కాని సరుకు నిలవ ఉండేది కాదు. ‘స్థానిక కారణాలు’ అని ఒక్క మాట రాసి దాటేశాను. పరీక్షకులు కూడా అడగలేదు.

మాట ఎక్కడిది?

1959లో ఈడిత్ పెన్‌రోజ్ అనే ఆర్థికవేత్త సంస్థల పెరుగుదల మీద ఒక గ్రంథం రాశారు. వనరు వేరు, ఆ వనరు నుంచి మనం రాబట్టుకునే సేవ వేరు అన్నది అందులో కీలకమైన ఆలోచన. ఒకే యంత్రం ఇద్దరి చేతుల్లో రెండు రకాలుగా పనికొస్తుంది. 1972లో జి.బి. రిచర్డ్‌సన్ పరిశ్రమల నిర్మాణం గురించి రాస్తూ సంస్థకున్న జ్ఞానం, అనుభవం, నేర్పు అన్నిటినీ కలిపి ‘సామర్థ్యాలు’ అన్నారు. సంస్థలు కొనేవాడు అమ్మేవాడుగా మాత్రమే ఎదురుపడవనీ, ఒకరి పని ఒకరు అందుకుంటూ సహకార సంబంధాలతో కూడా నడుస్తాయనీ ఆయన గుర్తుచేశారు. 1982లో నెల్సన్, వింటర్ అనే ఇద్దరు ఈ సామర్థ్యం ఎక్కువగా అలవాటైన పని వరుసలలో దాగి ఉంటుందన్నారు. పరిస్థితి మారినప్పుడు ఆ వరుసను తిరిగి కట్టుకోగల శక్తిని వేరే గుర్తించాలని 1997లో టీస్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. మొదటిది ఉన్న పనిని బాగా చేయడం. రెండోది పనినే మార్చుకోవడం. ఈ భేదం మనకు ముందుముందు చాలా అవసరమవుతుంది.

ఒక చిక్కు ఉంది. ఈ రచనల్లో చాలావరకు పెద్ద కంపెనీలను దృష్టిలో పెట్టుకుని చేసినవి. పెద్ద కంపెనీలో కొనుగోలుకు ఒక విభాగం, రూపకల్పనకు ఒకటి, అమ్మకానికి మరొకటి ఉంటాయి. ఒక ఇల్లు, ఒక మగ్గం, భార్యాభర్తలు, ముసలి తల్లి ఉన్న ‘సంస్థ’లో ఈ విభాగాలు ఎక్కడ వెతకాలి? దీనికి జవాబు వీళ్లందరి కంటె ముందే, 1890లో, ఆల్ఫ్రెడ్ మార్షల్ సూచించారు. ఇంగ్లండులోని షెఫీల్డులో కత్తులు, లాంకషైర్‌లో నూలుబట్ట తయారయ్యే తీరు గమనించి, ఒకే వృత్తి చేసే చిన్నవాళ్లు ఒకేచోట తరతరాలుగా ఉన్నప్పుడు ఆ నేర్పు ఊరుమ్మడి ఆస్తి అవుతుందని ఆయన చెప్పారు. మన నేత గ్రామాలకు ఈ మాట బాగా అతుకుతుంది. పోచంపల్లిలో విభాగాలు ఇంట్లో ఉండవు, వీధిలో ఉంటాయి.

ఒక చీర ఎన్ని గడపలు దాటుతుంది

ఇక్కత్ అనే మాట మలయ, ఇండోనేషియా భాషలలోని ‘కట్టు’ అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. మనవాళ్లు దీన్ని చిటికి అంటారు. మామూలు బట్టలో నూలుకు రంగు వేసి నేస్తారు, లేదా నేసిన బట్ట మీద అచ్చు వేస్తారు. చిటికిలో నేయక ముందే, దారం మీదనే, బొమ్మ ఎక్కడ పడాలో అక్కడ కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. ఆ దారాన్ని నేస్తే బొమ్మ బయటపడుతుంది. పడుగుకు మాత్రమే కట్టు వేయవచ్చు, పేకకు మాత్రమే వేయవచ్చు. రెండిటికీ వేస్తే జంట ఇక్కత్. అందులో పడుగు మీది చుక్క, పేక మీది చుక్క ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి.

ఇక పని వరుస చూడండి. ముందు గ్రాఫు కాగితం మీద నమూనా గీస్తారు. ఒక్కో గడి కొన్ని దారాల గుంపుకు గుర్తు. పట్టు అయితే మొదట సబ్బునీళ్లలో ఉడికించి జిగురు తీయాలి. పేక దారాన్ని ఆసు మీద పోస్తారు. ఆసు అంటే అర్ధచంద్రాకారంలో మేకులు గుచ్చిన చట్రం. ఒక కొసన ఒక మేకు, ఎదురుగా వంపు మీద వరుసగా మేకులు. వాటి మధ్య దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఆ దారపు గుంపులపై గ్రాఫు చూసుకుంటూ రబ్బరు పట్టీలతో కట్లు కడతారు. లేత రంగుతో మొదలుపెట్టి ముదురు రంగు దాకా వెళ్తారు. ఒక రంగు వేశాక కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తగా కట్టి, మళ్లీ ముంచుతారు. నాలుగు రంగుల చీరకు ఈ కట్టడం విప్పడం ఎన్నిసార్లో మీరే ఊహించుకోండి. తరువాత దారాన్ని వరుస తప్పకుండా కండెలకు చుట్టాలి. పడుగుకు ఇదే తంతు వేరుగా సాగుతుంది. ఆపైన అచ్చు అతకాలి, అంటే పాత పడుగు కొసలకు కొత్త పడుగు దారాలను ఒక్కొక్కటిగా కలపాలి. ఇదంతా అయ్యాక గాని నేతగాడు గుంట మగ్గంలో కాలు పెట్టడు. మామూలుగా ఒక పడుగు మీద ఏడెనిమిది చీరలు దిగుతాయి.

ఇందులో ఏ మెట్టు తప్పినా తరువాతి మెట్టు మీద పడుతుంది. కండెల వరుస మారితే ఏనుగు తొండం పోయి తోకకు అతుక్కుంటుంది. మొదటి చీర ఎరుపు, ఐదో చీర ఎరుపు ఒకేలా ఉండకపోతే దుకాణదారుడు తిప్పి పంపుతాడు. నేతగాడు నేస్తూ నేస్తూ పేకను అంచు దగ్గర వెంట్రుకవాసి లాగి బొమ్మను సరిచేసుకుంటాడు, కాని అద్దకంలో జరిగిన తప్పును మగ్గం మీద దిద్దలేడు. వాన పట్టి రెండు రోజులు రంగు ఆరకపోతే మూడు వీధుల అవతల ఒక మగ్గం ఖాళీగా కూర్చుంటుంది.

నేత, అద్దకం, చిటికి కట్టడం, ఆసు పోయడం, అచ్చు అతకడం చాలాసార్లు వేరువేరు ఇళ్లలో జరుగుతాయి. ఎవరి పని ఎప్పుడు మొదలవ్వాలి, ఎవరికి ముందు ఇవ్వాలి, చెడిపోతే నష్టం ఎవరిది అన్న విషయాలు ఏ కాగితం మీదా ఉండవు. అయినా అందరికీ తెలుసు. నా పట్టికలో లేని గడి ఇదే. మగ్గాన్ని డబ్బు పెట్టి రెండు వారాల్లో చేయించుకోవచ్చు. ఈ పొందికను కొనలేం, అప్పుగా తెచ్చుకోలేం. పోచంపల్లికి పోటీదారుల నుంచి చాలాకాలం రక్షణ ఇచ్చింది ఇదే. చట్టం ఇచ్చిన రక్షణ దానితో పోలిస్తే చిన్నది. మరమగ్గం మామూలు చీరను చేనేత కంటె ఎన్నో రెట్లు వేగంగా నేస్తుంది గాని, చిటికిలో సగానికి పైగా పని మగ్గం ఎక్కక ముందే జరుగుతుంది కదా.

నూనె రుమాలు నుంచి పట్టుచీర దాకా

పోచంపల్లి అనగానే చరిత్ర విద్యార్థికి 1951 ఏప్రిల్ 18 గుర్తొస్తుంది. వినోబా భావే వచ్చిన రోజు, వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు దానమిచ్చిన రోజు. ఊరి పేరుకు ముందు ‘భూదాన్’ చేరింది ఆ కారణంగానే. మన పాఠ్యపుస్తకాల్లో ఆ ఊరికి ఒక పేజీ ఉంది, కాని ఆ పేజీలో మగ్గం చప్పుడు వినబడదు.

ఈ విద్య ఇక్కడ పుట్టింది కాదు. కోస్తాలోని చీరాల ప్రాంతంలో తేలియా రుమాళ్లు నేసేవారు. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలోను మళ్లీ మళ్లీ నానబెట్టి ఆరబెట్టేవారు. ఆ తరువాత వేసిన ఎరుపు చాలా గట్టిగా పట్టుకునేది. బట్టకు నూనె వాసన, తలకు చల్లదనం. ఎరుపు, నలుపు, తెలుపు రంగుల ఆ చదరపు బట్టలు అరబ్బు దేశాలకు, ఏడెన్‌కు, తూర్పు ఆఫ్రికా తీరానికి ఓడలెక్కేవి. 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో ఈ నేర్పు చీరాల నుంచి నల్లగొండ ప్రాంతానికి చేరింది. పోచంపల్లి, పుట్టపాక మొదలైన ఊళ్ల పద్మశాలీలు దాన్ని అందుకున్నారు. బంధుత్వాలు, వృత్తి సంబంధాల ద్వారా ప్రయాణించిన విద్య ఇది, ఏ పాఠశాలా నేర్పలేదు.

శతాబ్దం నడిమికి వచ్చేసరికి రుమాళ్ల విదేశీ బేరం కుంచించుకుపోయింది. ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. ఒక్క సరుకు, ఒక్క మార్కెట్ మీద బతికిన చిన్న పరిశ్రమకు ఆ మార్కెట్ పోతే ఏమవుతుంది? సాధారణంగా పరిశ్రమ కూడా పోతుంది. మన దేశంలో అలా కనుమరుగైన బట్టల పేర్లు ఎన్నో. పోచంపల్లిలో అలా జరగలేదు. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల మండలి, దాని అధ్యక్షురాలు కమలాదేవి చట్టోపాధ్యాయ ప్రోత్సాహంతో, 1950, 60 దశకాలలో రుమాలు నేసిన చేతులే చీర నేయడం మొదలుపెట్టాయి. రుమాలుకు ఉన్నది చదరపు గడుల కూర్పు. చీరకు అంచు, ఒడలు, కొంగు ఉన్నాయి. పొడవు మారింది, గ్రాఫు మారింది, కొనే మనిషి మారింది. దూరదేశపు మగవాడి తలకు నేసినవాళ్లు నగరంలోని ఉద్యోగినికి నేయాల్సి వచ్చింది.

1970 ప్రాంతంలో రెండో మార్పు. ఇద్దరు యువకులను పట్టు నేత నేర్చుకోవడానికి బనారసు పంపారు. వాళ్లు తిరిగి వచ్చి నేర్పగా పోచంపల్లిలో పట్టు ఇక్కత్ విస్తరించింది. గుజరాతీ పటోలాల ఏనుగులు, చిలుకలు కూడా తెలంగాణ మగ్గాల మీదికి దిగాయి. నూలుకు వేసే రంగులు వేరు, పట్టుకు వేసే రంగులు వేరు. నీటి వేడి వేరు, దారం లాగే బలం వేరు. అంటే అద్దకందారు, ఆసు పోసే మనిషి, నేతగాడు అందరూ తమ అలవాటును కొంత మరిచి కొంత కొత్తగా నేర్చుకోవాలి. బనారసు వెళ్లింది ఇద్దరే. నేర్చుకున్నది మాత్రం ఊరు. ఆ ఇద్దరినీ ఇంకేదైనా ఊరు పంపి ఉంటే ఇదే ఫలితం వచ్చేదా? నాకు అనుమానమే. వాళ్లు తెచ్చిన విద్యను అందుకోవడానికి చిటికి తెలిసిన వీధి ముందే సిద్ధంగా ఉంది. కొత్త జ్ఞానాన్ని ఇముడ్చుకునే శక్తి పాత జ్ఞానం ఉన్నచోటనే ఉంటుంది.

క్రమంగా ఊళ్లు పని పంచుకున్నాయి. పోచంపల్లి పట్టుచీరలకు, కొయ్యలగూడెం నూలు ఇక్కత్ దుప్పట్లకు, ఇంటి అలంకరణ బట్టలకు, పుట్టపాక సన్నని జంట ఇక్కత్‌కు పేరు తెచ్చుకున్నాయి. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆనాటి తేలియా రుమాలుకు 2020లో పుట్టపాక పేరు మీదే భౌగోళిక గుర్తింపు లభించడం మరొక విశేషం.

నిశ్చింత ఖరీదు

ఇప్పుడు నా పట్టికలోని మొదటి సంఘం దగ్గరికి వద్దాం. దాని పేరు చెప్పవలసిన అవసరం లేదు, అలాంటివి రాష్ట్రమంతటా ఉన్నాయి.

1976లో రెండు సంగతులు జరిగాయి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల శిఖర సంఘాలు కలిసి ఆప్కో ఏర్పడింది. అదే ఏడు కేంద్ర ప్రభుత్వం జనతా వస్త్ర పథకం ప్రారంభించింది. పేదలకు చౌకగా ముతక ధోవతులు, చీరలు, లుంగీలు అందించడం, నేతగాళ్లకు ఏడాది పొడవునా పని కల్పించడం దాని లక్ష్యాలు. ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చేది, శిఖర సంఘాలు సరుకు ఎత్తుకునేవి. సంఘం చేయవలసిందల్లా నూలు తెచ్చుకుని, చెప్పిన కొలతలో నేయించి, మూటలు కట్టి పంపడం.

ఆ పథకం వల్ల పొయ్యి వెలిగిన ఇళ్లను నేను కళ్లారా చూశాను. దాన్ని తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. కాని పదిహేనేళ్లపాటు ఒకే కొలత, ఒకే ముతక నూలు, ఒకే కొనుగోలుదారుతో గడిపిన సంఘంలో ఏం జరిగిందో గమనించండి. రంగు అవసరం లేదు కాబట్టి అద్దకందారు వేరే పని చూసుకున్నాడు. నమూనా గీసేవాడి కొడుకు ఆ పని నేర్చుకోలేదు. సంఘం కార్యదర్శికి జిల్లా కేంద్రంలో ఏ గుమస్తాను కలిస్తే బిల్లు కదులుతుందో తెలుసు, హైదరాబాదులో ఏ రంగు చీర అమ్ముడవుతుందో తెలియదు. అదీ ఒక సామర్థ్యమే. కాకపోతే బిల్లు ఉన్నంతకాలమే పనికొచ్చే సామర్థ్యం.

1990లలో ఆ పథకాన్ని దశలవారీగా ఎత్తివేశారు. అంతకుముందే 1985 వస్త్ర విధానం మరమగ్గాలకు, మిల్లులకు దారి విశాలం చేసింది. 1991లో నూలు ధరలు విపరీతంగా పెరిగి, కోస్తా చేనేత ప్రాంతాల్లో ఆకలి చావుల దాకా వెళ్లింది. చేనేతకు ప్రత్యేకించిన వస్త్ర రకాలు 1985 చట్టం కింద మొదట 22 కాగా 1996లో వాటిని 11కు తగ్గించారు. ఇవన్నీ రెండు సంఘాల మీదా ఒకేలా పడ్డ దెబ్బలు. రెండో సంఘం, అంటే చిటికి ఊరి సంఘం, దెబ్బ తిన్నది గాని నమూనా మార్చి, రకం మార్చి, మరో బేరగాణ్ణి వెతుక్కుంది. వెతుక్కోవడం దానికి అలవాటు. మొదటి సంఘానికి మగ్గాలు ఉన్నాయి, భవనం ఉంది, బాకీలు ఉన్నాయి. ఏం నేయాలో చెప్పే గుమస్తా మాత్రం ఇప్పుడు లేడు.

నా పట్టిక దీన్ని ఎందుకు పట్టుకోలేదంటే, నేను లెక్క తీసిన సంవత్సరంలో మొదటి సంఘం ఉత్పత్తి రెండోదానికంటె ఎక్కువ. ఒక ఏడాది పనితీరును కొలిస్తే సామర్థ్యం కనబడదు. మార్కెట్ మారిన ఏడాది గాని అది బయటపడదు. చిన్న పరిశ్రమల అధ్యయనంలో చరిత్ర ఎందుకని అడిగే వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు నేను చెప్పే జవాబు ఇదే.

ఆసు దగ్గర ఆగిపోయిన పని

వీధి పొందికలో ఒక మెట్టు మిగతావాటి కంటె ఇరుకుగా ఉంటే మొత్తం పని ఆ ఇరుకు దాటినంత వేగంగానే సాగుతుంది. చిటికిలో ఆ ఇరుకు ఆసు. ఒక చీరకు సరిపడా పేకను ఆసు పోయడానికి నాలుగైదు గంటలు పట్టేది, దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. ఈ పని ఆడవాళ్లది. మజూరీ లెక్కల్లో దీనికి వేరే గడి ఉండేది కాదు, నేత కూలిలో కలిసిపోయేది. నా కాగితం మీదా లేదని ఒప్పుకోవాలి.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజాల నొప్పితో పడే బాధ చూశాడు. ఆరో తరగతితో చదువు ఆపిన మనిషి 1992లో ఆసు యంత్రం కోసం ప్రయత్నం మొదలుపెట్టి 1999కి సాధించాడు. యంత్రానికి తల్లి పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ దక్కింది, 2019లో ఆయన జీవితం సినిమాగా వచ్చింది. మీలో చాలామంది ఆ సినిమా చూసే ఉంటారు.

సినిమాలో ఒంటరి మనిషి పట్టుదల కనబడుతుంది, అది నిజమే. అయితే ఏడేళ్లపాటు ఆయన ఏం చేయాలో స్పష్టంగా తెలియడానికి కారణం ఆసు ఆయన ఇంట్లో ఉండటం. ఏ ఇంజనీరింగు కళాశాలలోనూ ఈ సమస్య ఉన్నట్టు ఎవరికీ తెలియదు. సమస్య తెలిసిన వీధిలో యంత్రవిద్య లేదు, యంత్రవిద్య ఉన్నచోట సమస్య తెలియదు. ఆ రెండిటి నడుమ నడిచిన దారే ఆయన ఏడేళ్లు. యంత్రం వచ్చాక మేకుల మధ్య దారాల లెక్క కచ్చితంగా కుదరడంతో ఇంకా సన్నని నమూనాలు వీలయ్యాయి. యంత్రం కొనుక్కున్న ఇల్లు పక్కిళ్లకు కూడా కూలికి ఆసు పోసిపెట్టడం మొదలైంది. అంటే వీధిలో పని పంపకం మళ్లీ మారింది.

ఎవరి సామర్థ్యం?

ఇంతవరకు ‘ఊరి సామర్థ్యం’ అన్నాను. ఆ మాటను ఇప్పుడు కొంచెం విడదీయాలి. వీధిలో అందరికీ పని తెలుసు. కాని పనులను కలిపే కీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయి?

నూలు ఇక్కత్ రోజుల్లో నేతగాడు సంఘం నుంచి నూలు తెచ్చుకుని నేసి ఇచ్చేవాడు. పట్టు వచ్చాక లెక్క మారింది. పట్టు దారం ఖరీదైనది, ఒక పడుగు మీద చాలా పెట్టుబడి నిలుస్తుంది, చీరలు అమ్ముడయ్యే దాకా తిరిగి రాదు. చాలా సంఘాలు ఆ బరువు మోయలేకపోయాయి. షావుకార్లు మోశారు. దారం ఇచ్చేది, నమూనా ఎంచేది, హైదరాబాదు దుకాణాలతో బేరమాడేది షావుకారు. చీర అమ్ముడుపోకపోతే నష్టపడేదీ ఆయనే, ఈ మాట దాచకూడదు. వాళ్లలో చాలామంది నిన్నటి నేతగాళ్లే. అయితే పడుగుకు ఇంత అని మజూరీ తీసుకునే నేతగాడికి తన చీర ఎంతకు అమ్ముడైందో, ఏ రంగు నచ్చిందో తెలిసే దారి మూసుకుపోయింది. కట్టే నేర్పు, నేసే నేర్పు అతనిలోనే ఉన్నాయి. మార్చుకునే శక్తి, అంటే టీస్ చెప్పిన రెండో రకం సామర్థ్యం, షావుకారు ఇంటికి చేరింది.

సంస్థాగత సామర్థ్యం పెరిగితే పనితీరు మెరుగవుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. పోచంపల్లి పేరు పెరిగింది, చీర విలువ పెరిగింది, మార్కెట్ విస్తరించింది. ఆ పుస్తకాల కొలమానంతో ఇది విజయమే. నేతగాడి ఇంటి నుంచి చూస్తే సమాధానం అంత సూటిగా ఉండదు. ‘పనితీరు’ అన్న మాట ఎక్కడ కనబడినా ఎవరి పద్దు పుస్తకంలో కొలిచారో అడగండి.

దీనికి సాక్ష్యంగా భౌగోళిక గుర్తింపు దరఖాస్తునే చూడవచ్చు. 1999 నాటి చట్టం 2003 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. దేశంలో మొట్టమొదట నమోదైన వాటిలో డార్జిలింగ్ తేయాకు తరువాత కొద్ది వరుసలోనే, 2004-05లో, పోచంపల్లి ఇక్కత్ చేరింది. దరఖాస్తుదారులు ఇద్దరు: చేనేత సహకార సంఘం, పట్టుచీరల ఉత్పత్తిదారుల సంఘం. అంటే నేతగాళ్ల వేదిక, షావుకార్ల వేదిక. ఏ విషయంలోనూ ఒక్క మాట మీద నిలబడని ఇద్దరూ ఊరి పేరును కాపాడుకోవడానికి ఒకే కాగితం మీద సంతకం పెట్టారు. చిన్న పరిశ్రమల చరిత్రలో ఇది చిన్న విషయం కాదు. ఒక ఇంటి మగ్గం ఎప్పటికీ చేయలేని పని ఇది.

కాని పత్రం తనంతట తాను ఏమీ చేయదు. పేరు వాడుకునే హక్కు కోసం ఉత్పత్తిదారుడు అధీకృత వినియోగదారుగా నమోదు చేయించుకోవాలి. నకిలీ అమ్మేవాణ్ణి పట్టుకోవాలి, సాక్ష్యం సేకరించాలి, న్యాయవాదికి ఫీజు కట్టాలి. ఈ పనులకు వేరే రకం పొందిక కావాలి. మిల్లు బట్ట మీద ఇక్కత్ బొమ్మను అచ్చు వేసి అమ్మేవాడికి చిటికి కట్టే ఓపిక అవసరం లేదు, ఆసు అవసరం లేదు. వీధి అంతా కలిసి నెలల తరబడి చేసిన దాన్ని అతను ఒక్క రోజులో మీటర్ల కొద్దీ దించుతాడు. కొన్నేళ్ల కింద నగరంలో ఒక దుకాణంలో నాకు అలాంటి చీరనే ‘అసలు పోచంపల్లి’ అని చూపించారు. తిరగేసి చూశాను. చిటికి చీర రెండు వైపులా ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు కొద్దిగా ఈకల్లా చెదిరి ఉంటాయి. ఇది వెనకవైపు వెలవెలబోతోంది. అమ్మేవాడు కుర్రవాడు, మోసం చేయాలని కాదు, అతనికీ తెలియదు. నేసేవాడికి, కొనేవాడికి మధ్య తెలిసిన మనిషి లేకపోవడం వల్ల ఆ చీర అక్కడ అలా నిలబడి ఉంది.

సంపర్క తరగతులకు వచ్చేటప్పుడు మీ ప్రాంతంలో తయారయ్యే ఒక వస్తువును ఎంచుకుని రండి. మగ్గమే కానక్కర్లేదు, ఇత్తడి పాత్ర కావచ్చు, కొయ్యబొమ్మ కావచ్చు, అప్పడం కావచ్చు. అది ఎన్ని చేతులు మారి దుకాణానికి చేరుతుందో ఆ చేతుల దగ్గరికే వెళ్లి రాసుకోండి. ఇళ్లలో ఆడవాళ్లు చేసే మెట్టును వదలకండి. ధర ఎవరు చెబుతారో, రకం ఎవరు మారుస్తారో, సరుకు తిరిగొస్తే ఎవరి ఇంట్లో కూర్చుంటుందో అడగండి. ఇందుకు ముద్రించిన పట్టిక ఇవ్వడం లేదు, గళ్లు మీరే గీసుకోవాలి.